ఎక్స్‌ప్లోరర్ ఇరుసును పాత మస్టాంగ్‌కు అమర్చడం ఎలా

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ సంస్థ మస్టాంగ్‌ను జనం ముందుకు తెచ్చింది. ఆ కారు వెనుక ఇరుసు ఆనాటి ఇంజన్లకు తగ్గట్టే ఉండేది. ఆరు సిలిండర్ల కార్లకు 7.25 అంగుళాల చిన్న డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే పళ్ల పెట్టె), నాలుగు బోల్టుల చక్రాలు ఇచ్చారు. మామూలు వి8 కార్లకు 8 అంగుళాలది వేశారు. 9 అంగుళాల గట్టి ఇరుసు కె కోడ్ అనే బలమైన 289 వి8 ఇంజన్ ఉన్న కార్లకే దక్కింది. ఇప్పుడు ఆ కార్లను బాగుచేసుకునేవారు తరచుగా కొత్త కాలపు 302 ఇంజన్, అయిదు గేర్ల పెట్టె బిగిస్తున్నారు. ఆ బలాన్నంతా 28 స్ప్లైన్ల (కొసన చెక్కిన పళ్ల) పాత షాఫ్టుల మీద మోపితే ఒక రోజు కాకపోతే ఒక రోజు సిగ్నల్ దగ్గరే విరుగుతాయి.

కొత్త 9 అంగుళాల ఇరుసును డిస్క్ బ్రేకులతో సహా కొంటే చాలా ఖర్చవుతుంది. అంతకన్నా మంచి దారి తుక్కు యార్డులో ఉంది. అదే 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనుక ఇరుసు. ట్రక్కు చట్రం మీద కట్టిన బండి కాబట్టి దానికి 8.8 అంగుళాల డిఫరెన్షియల్, 31 స్ప్లైన్ల షాఫ్టులు, 3.25 అంగుళాల వ్యాసమున్న గొట్టాలు, వాటి చివర డిస్క్ బ్రేకులు ఉంటాయి. చక్రం బోల్టుల అమరిక 4.5 అంగుళాల వృత్తంలో అయిదు. వి8 మస్టాంగ్‌ది కూడా అదే. స్టడ్ల కొలత సైతం ఒకటే, అర అంగుళం వ్యాసం, అంగుళానికి 20 దారాలు. 9 అంగుళాల డిఫరెన్షియల్‌లో పినియన్, అంటే ఇంజన్ బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం, బాగా కిందుగా ఉండి పళ్లు ఎక్కువగా ఒరుసుకుంటాయి. 8.8లో ఆ ఒరిపిడి తక్కువ, బరువూ తక్కువ. వీధిలో తిరిగే కారుకు ఇంతకు మించి అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

డాలస్‌లోనో డెట్రాయిట్ శివార్లలోనో రెండు కార్ల గ్యారేజీ ఉండి, వారాంతాల్లో చేతులకు గ్రీజు అంటితే సంతోషించే తెలుగువారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. భారతదేశంలో ఇలాంటి మార్పుకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. అక్కడ ఉన్నవారు ముందుగా రవాణా శాఖతో మాట్లాడాలి.

ముందు మీ కారును కొలవండి

ఎక్స్‌ప్లోరర్ ఇరుసు వెడల్పు, ఒక చక్రం ఆనే ముఖం నుంచి రెండో చక్రం ఆనే ముఖం వరకు, సుమారు 59.6 అంగుళాలు. 1967 నుంచి 1970 వరకు వచ్చిన మస్టాంగ్‌లది 59.25 దగ్గర ఉంటుంది. ఈ కార్లకు గొట్టం కోయవలసిన పని లేదు. కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద ఇరుసును కూర్చోబెట్టే స్ప్రింగు సీట్లు మార్చి పెట్టుకుంటే చాలు. మొదటిసారి ఈ పని చేస్తున్నవారికి, ఎంచుకునే వీలుంటే, ఆ సంవత్సరాల కారునే సూచిస్తాను.

1965, 66 కార్లది 57.25 అంగుళాలు. ఎక్స్‌ప్లోరర్ ఇరుసును ఉన్నదున్నట్టు పెడితే ఒక్కో చక్రం అంగుళానికి కాస్త పైగా బయటికి వస్తుంది. గుంతలో పడినప్పుడు టైరు ఫెండరు అంచుకు గీసుకుంటుంది. దీనికి ఒక సులువు ఉంది. ఎక్స్‌ప్లోరర్ డిఫరెన్షియల్ సరిగ్గా మధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది. అందువల్ల డ్రైవరు వైపు గొట్టమూ షాఫ్టూ పొడవు, కుడివైపువి పొట్టి. పొడవు గొట్టాన్ని కోసి కుడివైపు దానితో సమానం చేసి, రెండు పక్కలా పొట్టి షాఫ్టులే వాడితే వెడల్పు దాదాపు 56.7 అంగుళాలకు దిగుతుంది. ఒక్కో పక్క పావు అంగుళం లోపలికి పోతుందంతే. షాఫ్టు కోయించి కొత్త స్ప్లైన్లు వేయించే ఖర్చు తప్పుతుంది. మరో ఎక్స్‌ప్లోరర్ నుంచి ఒక కుడివైపు షాఫ్టు తెచ్చుకుంటే సరి.

ఈ అంకెలు చదివి సరిపెట్టుకోకండి. మీ కారు ఇరుసును, స్ప్రింగుల మధ్య దూరాన్ని, కమాను కట్టల వెడల్పును మీ చేతి టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. యాభై ఏళ్లకు పైబడిన కారు ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఎవరు ఏ ఇరుసు పెట్టారో ఎవరికీ తెలియదు.

చక్రాల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మస్టాంగ్‌తో వచ్చిన 14 అంగుళాల చక్రాలు ఈ డిస్కుల మీద కూర్చోవు. కనీసం 15 అంగుళాలవి కావాలి. 15లో కూడా కొన్ని ఉక్కు చక్రాలు డిస్కును పట్టే క్యాలిపర్‌కు తగులుతాయి. కొనే ముందు ఒకసారి పెట్టి, చేత్తో తిప్పి చూడండి.

తుక్కు యార్డులో

యార్డుకు వెళ్లగానే బండి కిందికి దూరకండి. ముందు డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ చూడండి. అందులో యాక్సిల్ కోడ్ ఉంటుంది. 45 అంటే 3.55 నిష్పత్తి (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ 3.55 చుట్లు తిరగాలి), మామూలు డిఫరెన్షియల్. 46 అంటే 3.73, అదీ మామూలుదే. డి4 అంటే 3.73 ట్రాక్షన్ లాక్, డి2 అంటే 4.10 ట్రాక్షన్ లాక్. ట్రాక్షన్ లాక్ ఉంటే ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం అందుతుంది. మన పనికి డి4 దొరికితే అదృష్టమే. డిఫరెన్షియల్ మూత బోల్టుకు చిన్న రేకు చీటీ కూడా వేలాడుతుంది. దాని మీద అంకెల మధ్య ఎల్ అక్షరం ఉంటే, అంటే 3ఎల్73 అని ఉంటే, అది ట్రాక్షన్ లాక్.

చీటీలు చిరిగిపోయి ఉంటే చేత్తో తేల్చవచ్చు. రెండు చక్రాలూ గాలిలో ఉండగా ఒకదాన్ని తిప్పండి. రెండోది అదే దిక్కుకు తిరిగితే ట్రాక్షన్ లాక్, ఎదురు తిరిగితే మామూలుది. అయితే లోపలి క్లచ్ పలకలు అరిగిపోయిన ట్రాక్షన్ లాక్ కూడా మామూలుదానిలాగే తిరుగుతుంది. నిష్పత్తి తెలుసుకోవాలంటే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రాన్ని కదలకుండా పట్టి, రెండోదాన్ని పూర్తిగా రెండు చుట్లు తిప్పి, ఆ లోగా పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడు చుట్లు పూర్తయి మరో ముప్పావు చుట్టుకు చేరువైతే 3.73.

ఆ తర్వాత మూత విప్పండి. యార్డువారు ఒప్పుకుంటే ఇది తప్పక చేయవలసిన పని. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినట్టు. మాడు వాసన వస్తే వేడెక్కినట్టు. అడుగున ఉండే అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి అంటుకుని ఉంటే భయం లేదు. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే ఆ ఇరుసును అక్కడే వదిలేయండి.

చాలామంది మరచిపోయేది షాఫ్టు పరీక్ష. ఈ ఇరుసులో చివరి బేరింగు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతుంది, దానికి వేరే లోపలి వలయం ఉండదు. బేరింగు పాడైన బండిలో షాఫ్టు మీద గాడి పడిపోతుంది. షాఫ్టు లాగి, ఆ భాగాన్ని గుడ్డతో తుడిచి, గోటితో అడ్డంగా గీసి చూడండి. గోరు ఆగిందంటే ఆ షాఫ్టు పనికిరాదు. కొత్త బేరింగు వేసినా కొద్ది రోజుల్లో మళ్లీ మూలుగుతుంది.

ఇరుసుతో పాటు తెచ్చుకోవలసినవి ఇవి: క్యాలిపర్లు, వాటి బ్రాకెట్లు, బ్రేకు హోసులు, చేతి బ్రేకు తీగలు, పినియన్ ఫ్లాంజి బోల్టులు నాలుగు, వాటితో పాటు ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక కొసన ఉండే ఫ్లాంజి యోకు. ఆ యోకు విలువ తర్వాత తెలుస్తుంది. షాఫ్టును అక్కడే కోసి కొస భాగం తెచ్చుకున్నా ఫరవాలేదు. 1965, 66 కారుకైతే మరో బండి నుంచి కుడివైపు షాఫ్టు కూడా. ఇరుసును ఒక్కరే ఎత్తే సాహసం చేయకండి, అది చాలా బరువు.

1997 నుంచి 2001 వరకు వచ్చిన మెర్క్యురీ మౌంటెనీర్‌లోనూ ఇదే ఇరుసు ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్లు దొరకని చోట దాన్ని వెతకండి. 1991 నుంచి 94 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్లవి డ్రమ్ బ్రేకులు. 2002లో కొత్త రూపంలో వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌లో వెనుక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ పెట్టారు, అది మనకు పనికిరాదు. ఆ కాలపు రేంజర్ పికప్‌లలో దొరికే 8.8 చూడటానికి ఇలాగే ఉన్నా మామూలుగా 28 స్ప్లైన్లదే. షాఫ్టు చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఏ నిష్పత్తి తీసుకోవాలి

పెద్ద అంకె అంటే పెద్ద బలం అనుకుని 4.10 వెంట పరుగెత్తేవారు చాలామంది. రహదారి మీద ఇంజన్ ఎంత వేగంగా తిరగాలో ఒకసారి లెక్క వేసుకోండి. గంటకు మైళ్లను నిష్పత్తితో, తర్వాత 336తో గుణించి, టైరు ఎత్తుతో భాగిస్తే నిమిషానికి ఇంజన్ చుట్లు వస్తాయి. 25.5 అంగుళాల టైరుతో 65 మైళ్ల వేగంలో, పాత 3.00 నిష్పత్తికి దాదాపు 2570 చుట్లు. 3.55కు 3040. 3.73కు 3195. చివరి గేరు నేరుగా నడిచే నాలుగు గేర్ల పెట్టె ఉంటే 3.73తో దూరప్రయాణం చెవులకు శిక్షే. అయిదో గేరు 0.68 ఉన్న టి5 పెట్టె ఉంటే అదే 3.73 దగ్గర 2170 చుట్లకు దిగుతుంది, హాయిగా సాగుతుంది. ఇలాంటి ఓవర్‌డ్రైవ్ గేరు లేనివారు 3.27 లేదా 3.55 తీసుకోవాలని నా సలహా. ఏది తీసుకున్నా స్పీడోమీటరు పళ్ల చక్రం మార్చాలి, లేకపోతే ముల్లు తప్పు చూపుతుంది.

విప్పడం, శుభ్రం చేయడం

ఇరుసును గట్టి స్టాండ్ల మీద పెట్టి, మూత తీసి ఆయిల్ దించండి. డిఫరెన్షియల్ మధ్యలో అడ్డంగా ఒక కడ్డీ, దాన్ని పట్టి ఉంచే చిన్న బోల్టు కనిపిస్తాయి. ఆ బోల్టు దుర్మార్గమైనది. బలవంతం చేస్తే తల తెగి లోపలే ఉండిపోతుంది. కొంచెం వేడి చేసి, సరైన కొలత సాకెట్‌తో నిదానంగా తిప్పండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త బోల్టు, థ్రెడ్ లాకర్ వాడండి. కడ్డీని బయటికి జరిపి, షాఫ్టును లోపలికి నెడితే సి ఆకారపు క్లిప్పు ఊడి వస్తుంది. అప్పుడు షాఫ్టును బయటికి లాగవచ్చు. కడ్డీ తీసి ఉన్నంతసేపూ డిఫరెన్షియల్‌ను తిప్పకండి. తిప్పితే లోపలి చిన్న పళ్ల చక్రాలు జారి పడతాయి.

క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం), పినియన్ బాగుంటే వాటి జోలికి పోకండి. వేల మైళ్లు కలిసి తిరిగి ఒకదానికొకటి ఒదిగిన పళ్లవి. పినియన్ సీలు కారుతుంటే మార్చండి కానీ, పినియన్ నట్టు విప్పే ముందు నట్టుకూ షాఫ్టుకూ ఫ్లాంజికీ కలిపి ఒక గీత గీయండి, తిరిగే చుట్లు లెక్కపెట్టండి. లోపల నలిగే స్లీవు ఒకటి బేరింగుల బిగువును నిర్ణయిస్తుంది. గీత దాటించి బిగిస్తే బేరింగులు వేడెక్కి మాడతాయి, వదులుగా ఉంటే పినియన్ ఊగుతుంది.

ఇక గ్రైండరు పని. పాత స్ప్రింగు సీట్లు, షాక్ అబ్జార్బర్ బ్రాకెట్లు, స్వే బార్ బ్రాకెట్లు అన్నీ కోసేయాలి. మస్టాంగ్‌లో షాక్ అబ్జార్బర్ కింది కొస స్ప్రింగు ప్లేటుకు పడుతుంది కాబట్టి ఇరుసు మీద దానికి చోటు అక్కర్లేదు. గొట్టం దాకా కోయకండి. పై భాగం కోసి, మిగిలిన వెల్డును నెమ్మదిగా అరగదీయండి. డిఫరెన్షియల్ పైన ఉండే ఎబిఎస్ సెన్సర్‌ను అలాగే ఉంచితే రంధ్రం మూసినట్టు ఉంటుంది. గాలి పోయే వెంటు గొట్టం మాత్రం తప్పక శుభ్రం చేయండి. అది మూసుకుంటే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల గుండా బయటికి వస్తుంది, బ్రేకులు తడుస్తాయి.

వెల్డింగుకు ముందు ఒక హెచ్చరిక. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో కడిగిన లోహాన్ని తడిగా ఉండగా వెల్డు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణం తీస్తుంది. క్లోరిన్ లేనిదాన్నే కొనండి, అది పూర్తిగా ఆరాకే వెల్డింగు మొదలుపెట్టండి.

గొట్టం కోయడం, 1965–66 కార్లకు మాత్రమే

పొడవు షాఫ్టును, పొట్టి షాఫ్టును బల్ల మీద పక్కపక్కన పెట్టండి. రెంటి మధ్య తేడా ఎంతో గొట్టం నుంచి సరిగ్గా అంతే తీయాలి. అది 2⅞ అంగుళాల దగ్గర వస్తుంది. మీ చేతిలో ఉన్న రెండు షాఫ్టులు చూపిన కొలతనే నమ్మండి.

కోసే ముందు గొట్టం పొడవునా పైభాగంలో ఒక నిలువు గీత గీయాలి. చివరి ముక్కను తిరిగి అతికేటప్పుడు ఆ గీతలు కలిస్తేనే క్యాలిపర్ బ్రాకెట్ మునుపటి కోణంలో ఉంటుంది. కోత అడ్డంగా నిటారుగా రావాలి. చేతి గ్రైండరుతో వంకర పోతుంది, పెద్ద బ్యాండ్ సా ఉన్న చోటికి తీసుకెళ్లండి. రెండు అంచులనూ ఏటవాలుగా చెక్కితే వెల్డు లోతుగా దిగుతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాతే ఉంది. వెల్డింగు వేడికి గొట్టం ఒక పక్కకు లాగుతుంది. కంటికి కనిపించనంత వంపు చాలు, బేరింగు తినేస్తుంది, సీలు కారుతుంది. అందుకే డిఫరెన్షియల్ బేరింగుల స్థానంలో ఉక్కు బిళ్లలు పెట్టి, వాటి గుండా గొట్టం చివరిదాకా నిటారైన మందపాటి కడ్డీ దూర్చి, అది అమరి ఉండగానే వెల్డు చేస్తారు. నాలుగు వైపులా చిన్న టాకాలు వేసి, కడ్డీ సులువుగా తిరుగుతోందో లేదో చూసి, ఎదురెదురుగా అంగుళం అంగుళం చొప్పున, ప్రతి ముక్క తర్వాత చల్లారనిచ్చి చుట్టూ పూర్తి చేయాలి. ఆ కడ్డీ, బిళ్లలు లేనివారు ఈ ఒక్క పనిని ఇరుసులు చేసే వర్క్‌షాపుకు అప్పగించండి. మిగిలిన పనంతా మీ గ్యారేజీలో చేసుకోవచ్చు, ఇది మాత్రం వారి చేతిలో ఉండటమే క్షేమం.

గొట్టాలు పోత ఇనుప డిఫరెన్షియల్ లోపలికి దిగగొట్టి, ప్లగ్ వెల్డులతో పట్టించి ఉంటాయి. బలమైన ఇంజన్ ఉంటే అవి మెలితిరగకుండా చుట్టూ వెల్డు చేయిస్తారు. ఉక్కును పోత ఇనుముతో కలపడం మామూలు వెల్డింగు కాదు. ముందుగా వేడి చేసి, నికెల్ కడ్డీలతో చేయాలి. అదీ వర్క్‌షాపు పనే.

పాత ఇరుసు దించడం

కారు వెనుక భాగాన్ని ఎత్తి, కమాను కట్టల ముందు కళ్లకు (చట్రానికి పట్టే గుండ్రటి కొసలకు) ముందున్న చట్రం కింద స్టాండ్లు పెట్టండి. జాకీని నమ్మి కిందికి దూరకండి. తుప్పు పట్టిన నట్లన్నిటికీ ముందు రోజు సాయంత్రమే చొచ్చుకుపోయే నూనె చల్లి ఉంచండి. ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు హోసు, చేతి బ్రేకు తీగలు, షాక్ అబ్జార్బర్లు విప్పాక, ఇరుసు కింద జాకీ ఆనించి యు బోల్టులు తీయండి. మస్టాంగ్‌లో ఇరుసు కమాను కట్టల పైన కూర్చుంటుంది. కాబట్టి కట్టల వెనుక కొసలను చట్రానికి పట్టే షాకిళ్లు విప్పి కట్టలను నేలకు దించితే ఇరుసు తేలికగా బయటికి వస్తుంది. ఎలాగూ విప్పారు కనుక కట్టల రబ్బరు బుష్‌లు కొత్తవి వేయండి. చచ్చిన బుష్‌ల మీద కొత్త ఇరుసు పెట్టి లాభం లేదు.

స్ప్రింగు సీట్లు, పినియన్ కోణం

ఈ మార్పిడి బాగా కుదిరిందో లేదో ఇక్కడే తేలుతుంది, కాబట్టి తొందరపడకండి. 3.25 అంగుళాల గొట్టానికి సరిపడే కొత్త సీట్లు, అంతే వెడల్పున్న యు బోల్టులు, కింది ప్లేట్లు కొనండి. పాత యు బోల్టులు సన్నని గొట్టానికి చేసినవి, వాటిని సాగదీసి వాడకూడదు.

సీట్ల మధ్య దూరాన్ని పాత ఇరుసు నుంచి తీసుకోండి. కట్ట మధ్యలోని బోల్టు తల దూరే రంధ్రం నుంచి రంధ్రానికి కొలవండి. కొత్త ఇరుసు మీద ఆ దూరాన్ని డిఫరెన్షియల్ మధ్య నుంచి కాకుండా, రెండు చక్రాల ముఖాల నుంచి సమానంగా పంచండి. గొట్టం కోయని ఇరుసులో డిఫరెన్షియల్ పక్కకు ఉంటుంది. దాన్ని మధ్య అనుకుని కొలిస్తే చక్రాలు ఒక పక్కకు పోతాయి.

సీట్లను ఇప్పుడే వెల్డు చేయవద్దు. సీట్లు గొట్టం కింద వదులుగా ఉండగా ఇరుసును కట్టల మీద కూర్చోబెట్టి, షాకిళ్లు బిగించి, యు బోల్టులు చేత్తో బిగించండి. గొట్టం సీట్లలో తిరిగేంత వదులు ఉండాలి. తర్వాత కారు బరువంతా ఇరుసు మీద పడేలా గొట్టాల కింద, చక్రాలకు దగ్గరగా, స్టాండ్లు పెట్టి దించండి. ముందు చక్రాలను కూడా అదే ఎత్తుకు ఎత్తాలి. కారు రోడ్డు మీద ఎలా నిలబడుతుందో అలాగే ఉండాలి. గాలిలో వేలాడే ఇరుసు మీద కొలిచిన కోణం అబద్ధం చెబుతుంది.

డిజిటల్ కోణమాపకాన్ని ముందు ఇంజన్ క్రాంక్ పుల్లీ ముఖం మీద, తర్వాత పినియన్ ఫ్లాంజి ముఖం మీద పెట్టండి. ఉదాహరణకు గేర్ పెట్టె తోక 3 డిగ్రీలు కిందికి వాలి ఉందనుకోండి. పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి ఉంటే రెండూ సమాంతరం. కానీ కమాను కట్టల కారులో ఆక్సిలరేటర్ తొక్కగానే కట్టలు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు ముక్కును 2 డిగ్రీలు కిందికి ఉంచాలి. అంటే ఈ ఉదాహరణలో 1 డిగ్రీ పైకి. బలం పడినప్పుడు అది తనంతట సమాంతరానికి వస్తుంది. ఈ లెక్క తప్పితే గంటకు 50 మైళ్ల వేగం దాటగానే కారు అడుగున వణుకు మొదలవుతుంది. యూనివర్సల్ జాయింట్లు ఎన్నిసార్లు మార్చినా అది పోదు.

కోణం కుదిరాక నిటారుతనం చూడండి. ఎడమ కట్ట ముందు కన్ను నుంచి ఇరుసుకు ఎంత దూరమో కుడివైపూ అంతే ఉండాలి. ఇప్పుడు యు బోల్టులు గట్టిగా బిగించి, కోణం మళ్లీ కొలిచి, సీటు అంచుల వెంట గొట్టం మీద లోతైన గీతలు గీయండి.

ఈ సంవత్సరాల మస్టాంగ్‌లలో పెట్రోల్ ట్యాంకు డిక్కీ నేలలోనే కూర్చుని ఉంటుంది. ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. దాని కింద ఒక్క టాకా కూడా వేయకండి. ఇరుసును మళ్లీ దించి, గీతలకు సీట్లను కలిపి, నేల మీద వెల్డు చేయండి. రెండు నిమిషాల పని కోసం ఇరుసు మళ్లీ దించాలా అనిపిస్తుంది, దించాలి. ఇక్కడ కూడా అంగుళం వెల్డు చేసి రెండో పక్కకు వెళ్లడం, చల్లారనివ్వడం తప్పనిసరి. పూర్తయ్యాక రంగు వేయండి.

ప్రొపెల్లర్ షాఫ్టు

పాత షాఫ్టు సరిపోదు. 8.8 పినియన్ పొడవు వేరు, ఎక్స్‌ప్లోరర్ ఫ్లాంజి గుండ్రంగా నాలుగు బోల్టులతో పట్టేది. ఫ్లాంజి మార్చాలంటే పినియన్ నట్టు విప్పాలి, మళ్లీ ఆ స్లీవు గొడవ. యార్డు నుంచి తెచ్చిన ఫ్లాంజి యోకును షాఫ్టులు చేసేవారికి ఇచ్చి, దాన్నే మీ షాఫ్టుకు అమర్చమనడం మేలు. కారు బరువు చక్రాల మీద ఉండగా ముందు యోకును గేర్ పెట్టెలోకి పూర్తిగా నెట్టి, తిరిగి ముప్పావు నుంచి ఒక అంగుళం వెనక్కి లాగి, అక్కడి నుంచి పినియన్ ఫ్లాంజి ముఖానికి కొలిచి ఇవ్వండి. బ్యాలెన్సు చేయించకుండా తీసుకోకండి.

బ్రేకులు

వెనుక డిస్కులు వచ్చాయని మురిసిపోయే ముందు ముందు బ్రేకులు చూడండి. ముందు డ్రమ్ములు, వెనుక డిస్కులు పెట్టుకుని రోడ్డెక్కడాన్ని నేను ఒప్పుకోను. గట్టిగా తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు బొంగరంలా తిరిగిపోతుంది. ముందు డిస్కులు వేశాకే ఈ పని మొదలుపెట్టండి.

1966 వరకు మస్టాంగ్‌లకు ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్ ఉండేది. ఒక హోసు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదులది, నాలుగు డిస్కులకు తగినది వేయండి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్లలో కొంత ఒత్తిడిని లైన్లలో నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డిస్కులకు దాన్ని తీసేయకపోతే ప్యాడ్లు ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటాయి. వెనుక లైనులో ఒత్తిడిని చేత్తో తిప్పి సరిచేసుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు కూడా పెట్టండి.

ఎక్స్‌ప్లోరర్ హోసుల దారాలు మెట్రిక్, మస్టాంగ్ లైన్లవి అంగుళాల లెక్క. దారం కలవని చోట టేపు చుట్టి బిగించడం చావును పిలవడమే. సరైన అడాప్టర్లు కొనండి, లేదా ఆ కొసలను కొత్తగా మడిచి వేయించండి. ఇరుసు పైకీ కిందికీ పూర్తిగా కదిలినప్పుడు హోసు ఎక్కడా లాగకుండా, గొట్టానికి గీసుకోకుండా ఉండాలి.

ఎక్స్‌ప్లోరర్ డిస్కు నడుమ ఉన్న డొప్పలో చిన్న డ్రమ్ము ఉంటుంది, చేతి బ్రేకు అదే. దాని లైనింగు అరిగి ఊడిపోవడం మామూలే, విప్పి చూసి మార్చండి. తీగలను మస్టాంగ్ పొడవుకు తగ్గట్టు చేయించుకోవాలి.

ఆయిల్, మొదటి ప్రయాణం

మూత ముఖాన్ని శుభ్రంగా తుడిచి సీలెంటు పూసి బిగించండి. 75డబ్ల్యూ140 గేర్ ఆయిల్‌ను నింపే రంధ్రం అంచు వరకు పోయండి. దాదాపు రెండున్నర లీటర్లు పడుతుంది. ట్రాక్షన్ లాక్ ఉంటే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి. కలపకపోతే మలుపుల్లో క్లచ్ పలకలు కటకటమంటాయి.

బ్రేకుల్లో గాలి తీశాక, ఎవరూ లేని ఖాళీ స్థలంలో 20 మైళ్ల వేగంలో బ్రేకు పరీక్షించండి. ముందు చక్రాలే మొదట పట్టాలి. వెనుకవి ముందుగా పడితే వాల్వు తిప్పి వెనుక ఒత్తిడి తగ్గించి, మళ్లీ చూడండి. తర్వాత పది మైళ్లు నెమ్మదిగా నడిపి వచ్చి డిఫరెన్షియల్ మీదా హబ్బుల మీదా చేయి ఆనించండి. వెచ్చగా ఉండటం సహజం. చేయి పెట్టలేనంత వేడి ఒక్క హబ్బులోనే ఉంటే ఆ బేరింగునో పట్టేసిన క్యాలిపర్‌నో చూడాలి. సీళ్ల దగ్గర తడి ఉందేమో లైటు వేసి వెతకండి. వంద మైళ్లు తిరిగాక యు బోల్టులు, చక్రాల నట్లు, ఫ్లాంజి బోల్టులు టార్క్ రెంచితో మరోసారి బిగించండి. కొత్త సీట్లు, కొత్త బుష్‌లు ఈ లోగా ఒదిగిపోయి యు బోల్టుల బిగువు కొంత తగ్గి ఉంటుంది.